చెయ్యెత్తని సెలవులు

జనవరి 9, శుక్రవారం

రేపటి నుండి పిల్లలకు సంక్రాంతి సెలవులు. పందొమ్మిదిన బడి తెరుస్తారు. ఈ తొమ్మిది రోజులు పిల్లల బాధ్యత నాది.

కన్నకూతురు తండ్రికి షరతు విధించడం ఈ ఉదయం చూశాను. స్రవంతి వంటగదిలో నిలబడి, యూనిఫారం మీద గుర్తింపు కార్డు తగిలించుకొంటూ, నా ముఖం చూడకుండా చెప్పింది.

“బాపూ, పండుగకు మా క్యాంపస్‌ల హౌస్‌కీపింగ్ వాళ్లు సగం మంది ఊర్లకు పోయిన్రు. నాకు లీవు దొరకలే. ఆయనకేమో రాత్రంత క్యాబ్, పొద్దంత పండాలె. పిల్లల్ని నీ మీద ఇడిసి పోతున్న. ఒక్కటే మాట. చెయ్యి లేవద్దు.”

“నేనేమైనా రాక్షసుడినా?”

“దసరా సెలవుల్ల ఏమైందో యాదికుంది గదా.”

యాదికున్నది. పదకొండేళ్ల శివ ఒకే ఒత్తును వరుసగా ఏడుసార్లు తప్పు రాశాడు. స్కేలు విరిగింది. వేలు విరగలేదు, వాచింది. ఈ తేడాను ఈ ఇంట్లో ఎవరూ గుర్తించరు. అల్లుడు మధుకర్ ఆ స్కేలు ముక్కలు రెండింటినీ రబ్బరు బ్యాండుతో కట్టి ఫ్రిజ్ మీద పెట్టాడు. నీళ్ల సీసా తీసిన ప్రతిసారీ నేను వాటిని చూడాలి. “ఇంకోసారి గిట్ల అయితే మామా, మీకు జనగామలనే మంచిగుంటది” అని కూడ అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

జనగామలో నా అద్దె గది తాళంచెవి ఇంకా నా వద్దనే ఉన్నది. అది వాడవలసిన అవసరం రాదు.

ఈ వీధిలో కొందరు తమ పిల్లలను శీతకాలపు శిబిరాలకు పంపుతున్నారు. మట్టిబొమ్మలు, మరమనుషులు, ఈత. తలకు ఆరు వేలు. స్రవంతికి ఆ ఆలోచనే లేదు. అవసరమూ లేదు. ముప్పై నాలుగేళ్లు తరగతికి నలభై మందిని నోరెత్తకుండా కూర్చోబెట్టినవాడిని. ఇద్దరు నాకు లెక్క కాదు.

జనవరి 10, శనివారం

కాలపట్టిక సిద్ధం చేసి గోడకు అంటించాను. ఎక్కాలు, పద్యపఠనం, పత్రికలో దోషాలు వెదకుట, కాగితపు పడవలు, దేశపటంలో ఊళ్లు వెదకుట. పైసా ఖర్చు లేదు.

పదకొండు గంటలకు చెల్లెలు హర్షిణి శివ ముంజేతిని రక్తం చిమ్మేటట్లు కొరికింది. శివ దాని జుట్టు పట్టి తలుపుకేసి నెట్టాడు. కుక్కరు మూత కిందపడి గదులు రెండూ మోగాయి. మధుకర్ ఎర్రని కళ్లతో బయటికి వచ్చి తలుపు చెక్కను ఒక్క గుద్దు గుద్దాడు.

“మామా, గంట సేపు. గంట సేపన్న పండనియ్యున్రి. స్టీరింగు మీద కండ్లు మూతపడ్తే అయిదుగురు సస్తరు.”

శివ చెవి పట్టుకొన్నాను. చెవి పట్టుకొనడం కొట్టడం కాదు. గోడకుర్చీ వేయించాను, అది వ్యాయామం. తొడలు వణికేదాకా ఉంచాను. ఎనిమిదేళ్ల హర్షిణి అన్న ముందు కూర్చొని వణుకు లెక్కపెట్టింది.

నేడు ఎవరినీ కొట్టలేదు.

జనవరి 11, ఆదివారం

మా వాచ్‌మన్ మొగిలి మంచి ఉపాయం చెప్పాడు. “పిల్లల్ని పైకి తోల్కపో సారూ. పతంగులు ఎగరేయున్రి. ఎంత ఒర్లినా అల్లుడు సారు లేవడు.”

ఈ మొగిలి నా పాత విద్యార్థి. జనగామ దగ్గర నా మొదటి బడిలో చదివాడట. ఈ ఫ్లాట్ చూసిపెట్టింది కూడ అతడే. పిల్లల ముందు నవ్వుతూ అన్నాడు.

“మీ తాత నన్ను కోదండం ఏసిండు. దూలానికి తాడు గట్టి, రెండు చేతులు పట్టుకొని ఏలాడుమన్నడు. కింద తుమ్మ ముండ్లు పరిపిచ్చిండు. తెల్లారి బడి బంద్ వెట్టిన. లేకుంటే ఇయ్యాల గచ్చిబౌలిల ఇంజినీరయితుంటి.”

శివ అడిగాడు: “పడ్డవా?”

“పడక? ఎంతసేపు పట్టుకుంట.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు జ్ఞాపకం లేదు. ఎందరినో చదివించాను.

మాంజా కొనకూడదని నిర్ణయించాను. బజారు నైలాను దారం నిషిద్ధం, అది నీచం కూడ. మేమే తయారు చేశాము. సెల్లారులో కాలిపోయిన ట్యూబులైట్లు తొమ్మిది ఉన్నాయి. గోనెసంచిలో చుట్టి పగలగొట్టమన్నాను. ఇటుకతో ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క కేక. ఇంతటి ఆనందం నా కాలపట్టికలో ఏ గంటలోనూ లేదు. తరువాత ఇనుప రోలులో దంచి, పాత పంచెలో వస్త్రగాళం పట్టాము. సగ్గుబియ్యం గంజి, బంక, గులాబీ రంగు. పై డాబా మీద నీళ్ల గొట్టాల నడుమ నూలుదారం చుట్టి, పిండిముద్దను దాని వెంట నడిపించాను. మా నాన్న నాకు నేర్పిన పద్ధతి. వంద గజాలకు ఒక్క ముడి లేదు.

ఎండిన తరువాత హర్షిణి తన ఎలుగుబంటి బొమ్మ చెవి మీద దారం లాగి చూసింది. చెవి ఊడిపోయింది. దానిని తన బిస్కట్ల డబ్బాలో దాచుకొన్నది. ఆ డబ్బాలో ఏవేవో దాస్తుంది.

నేడు ఎవరినీ కొట్టలేదు. అసలు ఆ కోరికే కలుగలేదు.

జనవరి 12, సోమవారం

తూర్పుగాలి. పండుగకు ఊరు సగం ఖాళీ అయి, ఆకాశం నిండింది.

సందుకు అవతలి డాబా మీద శ్రీనివాసరావు అనే విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. భీమవరం ప్రాంతంవాడు. తెల్ల స్వెట్టరు, నల్ల కళ్లద్దాలు, పిడి తిప్పితే తిరిగే దారపు చరఖా. మనవడిని ఆరు వేల శిబిరానికి పంపి, తాను ఒంటరిగా ఎగురవేసుకొంటున్నాడు.

“మాస్టారూ, గాలిపటం ఎగరేస్తున్నారా, హాజరు వేస్తున్నారా అండీ?”

“మీ పేరు ముందే కొట్టివేశాను, చూసుకోండి.”

శివ వేళ్లకు మొగిలి ఇచ్చిన బట్ట ప్లాస్టరు పట్టీలు చుట్టి దారం అందించాను. వెనుక నిలబడి చెప్పాను.

“తాతా, ఢీల్ ఇయ్యనా?”

“‘వదలనా’ అనాలి. వదులు. ఇంకా. వాని మెడ నీ దారం మీద పడనీ. పడిందా? కోయి.”

రెండు పతంగులు కోశాము. “అఫా” అని శివ వేసిన గెలుపు కేకకు పక్క డాబాల వాళ్లు తిరిగి చూశారు. మొదటిది తెగినప్పుడు హర్షిణి ఏడ్చింది. “పాపం తాతా, అది ఊగుకుంట పడ్తుంది.” యుద్ధంలో ఆ మాట అనరాదని చెప్పాను. మూడు గంటలకు అదే వచ్చి నా పంచె లాగింది. “తాతా, ఇంకోన్ని సంపుదామా?”

సాయంత్రం నీళ్ల ట్యాంకు గొట్టానికి ఒక పావురం తల్లకిందులుగా వేలాడుతూ కనబడింది. దారం రెక్క మొదట్లో దిగిపోయి, తెల్లని ఎముక కనబడుతున్నది. ఒక రెక్క కొట్టుకొంటున్నకొద్దీ రెండవది ఊడుతున్నది. మొగిలి బ్లేడు తెచ్చేసరికి ఆగిపోయింది. అది వేరెవరి దారమో అని పిల్లలకు చెప్పాను. దారం గులాబీ రంగులో ఉన్నది. గులాబీ రంగు మాంజా ఊరంతా దొరుకుతుంది.

హర్షిణి నాలుగు ఈకలు డబ్బాలో పెట్టుకొన్నది.

ఎవరినీ కొట్టలేదు.

జనవరి 13, మంగళవారం

శ్రీనివాసరావు నైలాను తెచ్చాడు. ఎండలో తళతళ మెరవడం నేను చూశాను. మావి అయిదు కోశాడు.

“ఆ దారం నిషిద్ధమని మీకు తెలియదా?”

“ఆటండీ మాస్టారూ. మరీ అంత పట్టించుకోకండి. పిల్లాణ్ణి కాస్త గట్టిగా పట్టుకోమనండి, వేలుపెట్టి చూసినట్టు పట్టుకుంటున్నాడు.”

ఆ మాట నిజం. అదే నన్ను దహించింది. దారం బిగుసుకోగానే శివ వదిలేస్తున్నాడు. “మండుతుంది తాతా.” మండుతుంది. మండకుండా ఏ విద్య వచ్చింది? ముప్పై నాలుగేళ్లు నా చేతి కింద ఒక్కడు వదలలేదు. నా దెబ్బ తిన్నవారు ఈ రోజున జిల్లాలు ఏలుతున్నారు.

వానికి తొడపాశం పెట్టాను. అది గిల్లడం.

మధ్యాహ్నం దారానికి రెండవ పూత వేశాను. ఈసారి గాజు వస్త్రగాళం పట్టలేదు. బరకగా ఉంచాను. దారం మీద వేలు ఆనిస్తే చాలు, రక్తం వస్తున్నది. నా వేలే.

ఎవరినీ కొట్టలేదు.

జనవరి 14, బుధవారం. భోగి

శివ వేళ్లకు గాయమైంది. మాంజా. ఎవరినీ కొట్టలేదు.

జనవరి 15, గురువారం

ఆసుపత్రి. రాత్రే శస్త్రచికిత్స చేశారు. చూపుడువేలు ఎముకదాకా, మధ్యవేలు సగందాకా. వేలును వంచే నరం తెగి లోపలికి ముడుచుకొనిపోతే, అరచేతిని కోసి దానిని వెదకి పట్టుకొన్నారట. శిబిరాల రుసుముకు ఎన్నో రెట్లు ఆసుపత్రి తీసుకొన్నది. మధుకర్ ఆ మాట ఎత్తలేదు.

వైద్యుడు ఎలా జరిగిందని అడిగినప్పుడు శివ చెప్పాడు: “పతంగి ఎగరేస్తుంటే తెగింది.”

వరండాలో స్రవంతి నా ఎదుటకు వచ్చింది. “బాపూ, నిజం చెప్పు. కొట్టినవా?”

“లేదు.”

లోపలికి వెళ్లి వాడిని కూడ అడిగింది. “కొట్టలే మమ్మీ.”

తిరిగి వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పెళ్లయిన తరువాత ఇదే మొదటిసారి. “నేనే ఊకె అనుమానపడ్డ. ఆడే పిల్లలన్నంక దెబ్బలు తాకవా.” మధుకర్ చాయ తెచ్చి ఇచ్చాడు. “ఎండకాలం సెలవులకు గూడ మీరే చూసుకోవాలె మామా. పోరగాడు మీ పేరే తీస్తుండు.”

ఇంటికి వచ్చి చూస్తే ఫ్రిజ్ మీద స్కేలు ముక్కలు లేవు.

జనవరి 16, శుక్రవారం

చూపుడువేలు ఇక పూర్తిగా వంగదట. మధ్యవేలి సంగతి మూడు నెలల తరువాత.

ఎవరినీ కొట్టలేదు.

జనవరి 17, శనివారం

నైలాను దారం వాడినందుకు శ్రీనివాసరావు మీద పోలీసులకు ఫిర్యాదు రాస్తున్నాను. మూడు ప్రతులు చింపివేశాను. భాష ఆవేశంగా వచ్చింది. నాలుగవది బాగా కుదిరింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. స్వెట్టరు లేదు, కళ్లద్దాలు లేవు. సంచి నిండా ఆపిల్ పండ్లు. శివ చేతి కట్టు చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

“నా దారమే అండీ. నేనే లాగాను. బిగిసింది, వదిలేస్తాడులే అనుకున్నాను. వదల్లేదు మాస్టారూ. ఎందుకు వదల్లేదు నాన్నా నువ్వు?”

శివ నా వైపు చూసి, తరువాత తన కట్టు వైపు చూసుకొన్నాడు.

మధుకర్ ఆయనను చొక్కా పట్టుకొని లేపాడు. గోడకు అదిమాడు. మెడ మీద ముంజేయి పెట్టి నొక్కాడు. ముసలాయన ముఖం కందిపోయింది, కాళ్లు నేలను తన్నాయి, చేతులు మాత్రం ఎత్తలేదు. స్రవంతి అడ్డుపడి విడిపించింది. ఆపిల్ పండ్లు మంచం కిందికి దొర్లిపోయాయి.

నేను కుర్చీలోనే ఉన్నాను. నేను వారించలేదు.

ఎవరినీ కొట్టలేదు.

జనవరి 18, ఆదివారం

రేపు బడి. ‘సెలవులు ఎలా గడిపాను’ అని పది వాక్యాలు రాసుకొని రావాలట. శివ చెబుతుంటే నేను రాస్తానన్నాను. వాడు మంచం మీద, నేను బల్ల దగ్గర. హర్షిణి నేల మీద తన డబ్బాతో.

“మా తాత మాకు పతంగులు నేర్పించిండు.”

‘నేర్పించాడు’ అని రాశాను.

“మొగిలి అంకుల్ ట్యూబులైట్లు ఇచ్చిండు. మేము గాజు దంచినం. నాకు మస్తు మజా అనిపించింది.”

దిద్ది రాశాను.

“నాకు దెబ్బ తాకింది. మా తాత దవాఖానల నా పక్కనే కూసున్నడు. మా తాత ఈ సెలవుల్ల ఒక్కసారి గూడ కొట్టలేదు.”

ఆ వాక్యం రాశాను. దానిలో దిద్దవలసినదేమీ లేదు. కలం కాగితం మీదనే ఆగిపోయింది.

“పట్టీలు ఇప్పింది రాయవా తాతా?” అన్నది హర్షిణి.

స్రవంతి ఇస్త్రీ చేసిన యూనిఫారాలతో గుమ్మంలో ఉన్నది. “ఏం పట్టీలు?”

“ఏం లేదు మమ్మీ. అది ఊకె అంటది” అన్నాడు శివ.

“ఊకె కాదు.” హర్షిణి డబ్బా మూత తీసింది. ఎలుగుబంటి చెవి, పావురం ఈకలు, విరిగిన స్కేలు ముక్కలు, వాటి మధ్య రెండు ప్లాస్టరు పట్టీలు. కోయకుండా జారదీసినవి కాబట్టి ఇంకా వేలి ఆకారంలో గుండ్రంగా ఉన్నాయి. ఒక చుక్క రక్తం లేదు. “ఇవి తాత తీసేసిండు. దారం అన్న ఏలికి రెండుసార్లు సుట్టిండు. ఇగ ఎట్ల వదులుతవో చూస్త అన్నడు. అన్న వద్దు వద్దు అన్నడు. తెగంగనే నేను అఫా అన్న.”

దాని గొంతులో నేరారోపణ లేదు. చూసింది చెప్పింది.

స్రవంతి నా వైపు తిరిగింది. ఎనిమిదేళ్ల పిల్ల మాట. ఒక్క వాక్యంతో తోసివేయవచ్చును. శివ నా పక్షాన సాక్ష్యం చెబుతాడు, ముందే చెప్పి ఉన్నాడు. అవతలి ముసలాయన నేరం ఒప్పుకొనే ఉన్నాడు. నా ఫిర్యాదు సంచిలో సిద్ధంగా ఉన్నది.

“అవును” అన్నాను.

పద్నాలుగవ తేదీ నాడు ఇక్కడ నాలుగు ముక్కలు రాశాను. మిగిలినది ఇది.

చివరిది అనుకొన్న పతంగి. బరక మాంజాతో మేమే శ్రీనివాసరావు దారం మీదికి ఎక్కాము. ఆయన లాగాడు. శివ వదిలాడు. దారం కిందికి జారి, మా పతంగి తెగి, దగ్గరి విశ్వవిద్యాలయం చెట్ల మీదుగా పోయింది. అవతలి నుండి మాట వచ్చింది: “పిల్లాడికి టీసీ ఇచ్చేయండి మాస్టారూ.” డాబాలన్నీ నవ్వాయి. నా చెయ్యి లేచింది. శివ తల వంచి, కళ్లు మూసి, చెంప అప్పగించి నిలబడ్డాడు. వానికి ఆ భంగిమ అలవాటు. అప్పుడు స్రవంతి పెట్టిన షరతు జ్ఞాపకం వచ్చింది. చెయ్యి దించాను. దించిన ఆ చేతితోనే వాని వేళ్ల పట్టీలు తీసివేశాను. కొట్టలేదన్న గర్వం నా మనసులో ఆ క్షణాన స్పష్టంగా ఉన్నది. నా దగ్గర ఇంకొక పతంగి ఉన్నది. దానిని ఎక్కించాను. దారం వాని చూపుడువేలికి రెండు చుట్లు చుట్టి, మధ్యవేలి మీదుగా తిప్పాను. “ఇక ఎలా వదులుతావో చూస్తాను.” వాడు వద్దన్నాడు. మూడుసార్లు అన్నాడు. అవతలి దారం పడింది. ఆయన లాగాడు. నేను వెనుక నుండి వాని మోచేయి పట్టుకొని లాగాను.

మొదట రక్తం రాలేదు. తెల్లగా తెరచుకొన్నది. వాడు అరవలేదు. “తాతా, వదలనా?” అని అడిగాడు. ‘ఢీల్’ అనలేదు. ‘వదలనా’ అన్నాడు.

స్రవంతి యూనిఫారాలు కుర్చీ మీద పెట్టింది. అరుస్తుందనుకొన్నాను.

“కొట్టినా మంచిగుంటుండె బాపూ” అన్నది. “కొడితే మానుతుండె.”

జనవరి 19, సోమవారం

శివ ఎడమ చేతితో సంచి పట్టుకొని బడికి వెళ్లాడు. ఆ వ్యాసం తీసుకొని వెళ్లలేదు. మళ్లీ ఎవరితో రాయించుకొన్నాడో అడగలేదు. గుమ్మం దగ్గర ఆగాడు. “తాతా, పోయొస్త” అన్నాడు. ఎప్పటిలాగే అన్నాడు.

మధుకర్ నిద్రపోలేదు. మంచం మీద కూర్చొని తన రెండు అరచేతులు చూసుకొంటున్నాడు. నేను ఎదుటకు వెళ్లి నిలబడ్డాను. నన్ను గోడకు అదుముతాడని, ఆ ముంజేయి నా మెడ మీదికి వస్తుందని ఎదురుచూశాను. వస్తే బాగుండునని కూడ అనుకొన్నాను.

“పోన్రి మామా. నా చెయ్యి లేవకముందే పోన్రి.”

అవతలి భవనానికి వెళ్లాను. శ్రీనివాసరావుకు అంతా చెప్పాను. ఆయన మెడ మీద నీలపు మచ్చ ఉన్నది. నన్ను లోపలికి రమ్మనలేదు. “నా దారమూ ఉందిగా అండీ” అని మాత్రం అని తలుపు వేసుకొన్నాడు. ఫిర్యాదు ఆయన గుమ్మం ముందే చింపాను.

సంచి సర్దుకొంటుంటే హర్షిణి వచ్చి రబ్బరు బ్యాండుతో కట్టిన స్కేలు ముక్కలు నా చేతిలో పెట్టింది. “నీది మర్సిపోతున్నవ్ తాతా.” పట్టీలు మాత్రం ఇవ్వలేదు.

మొగిలి సంచి ఆటోలో పెట్టాడు. అతని మణికట్టు కొద్దిగా వంకరగా ఉన్నది. ఇన్నాళ్లుగా చూడలేదు.

“మొగిలీ, నిన్ను కోదండం వేసినది నాకు జ్ఞాపకమున్నది. నీవు చెప్పిన ఆ రోజు కూడ జ్ఞాపకమున్నది.”

“నేనెన్నడు మర్సిపోలే సారు” అన్నాడు నవ్వుతూనే. “జర పైలం.”

జనవరి 20, మంగళవారం. జనగామ

గది ఊడ్చాను. కిటికీ రెక్క ఒకటి ఊడిపోయింది. ఎదుటి డాబా మీద ఎవరి పిల్లలో తెగిన పతంగి ఒకటి పట్టుకొని దారం విప్పుతున్నారు. చేతులకు చుట్టుకోవద్దని కేక వేశాను. వారు నన్ను చూసి పారిపోయారు.

నేడు ఎవరినీ కొట్టలేదు. ఇక్కడ ఎవరూ లేరు.